కార్డుల పెట్టె డైరీ: తక్కువమంది చూసిన సినిమాలు, సీరియళ్లు

జూన్, రెండో వారం

విశాఖపట్నం సీతమ్మధారలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ గదిలో ఒక పాత చెక్క పెట్టె ఉంది. లైబ్రరీల్లో కేటలాగు కార్డులు పెట్టుకునే సొరుగుల పెట్టె. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వదిలేసి వెళ్లారు. ఇప్పుడు దాన్ని సినిమా కార్డులతో నింపుతున్నాను. ఒక్కో సినిమాకి ఒక్కో కార్డు, ఒక్కో సీరియల్‌కి ఒక్కో కార్డు. చెప్పాల్సింది ముందువైపే. ఆదివారం సాయంత్రం గదికి వచ్చినవాళ్లు సొరుగు లాగి ఏదో ఒక కార్డు తీస్తారు. దాన్నే ప్రొజెక్టర్ మీద వేస్తాం.

పెద్ద హిట్లు పెట్టెలో ఉండవు. వాటి గురించి చెప్పడానికి ఊరంతా ఉంది. ఒకప్పుడు వచ్చి, ఎక్కడో ఒక అవార్డు తీసుకుని, జనం కంటపడకుండా వెళ్లిపోయినవే నాకు కావాలి. టీవీలో ఒక్కసారి వచ్చి మళ్లీ రానివి కూడా.

కార్డు మీద గళ్లు ఇవి: పేరు, సంవత్సరం, తీసినవాళ్లు, ఎంతసేపు, ఎవరికి. తర్వాత రెండు గళ్లు నా సొంతం: "ఒక చూపు", "ఎక్కడ నెమ్మది". ఒక చూపు అంటే సినిమాలో ఒకే ఒక్క చోటు, కళ్లకు కట్టేలా. ఎక్కడ నెమ్మది అంటే మామూలు ప్రేక్షకుడికి ఓపిక ఎక్కడ అవసరమో ముందే చెప్పెయ్యడం. స్టార్లు, మార్కులు ఉండవు. "కళాఖండం", "తప్పక చూడాల్సిన" అన్న మాటలు ఈ పెట్టెలోకి రావు.

జూన్ చివర

మొదటి కార్డు బి. నర్సింగరావు "దాసి" (1988). రెండు రకాలుగా రాసి రెండూ బల్ల మీద పెట్టాను. ఒకదానిలో అవార్డులన్నీ ఉన్నాయి: అర్చనకి ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం, ఛాయాగ్రహణానికి అపూర్వ కిశోర్ బీర్‌కి, కళా దర్శకత్వానికి చిత్రకారుడు వైకుంఠానికి. రెండో దానిలో ఇంతే రాశాను:

"నిజాం కాలం. దొర గడీ. కమలాక్షి అనే దాసి పొద్దున్న లేచిన దగ్గర్నించి ఆ ఇంట్లో ఏమేం చేస్తుందో చూస్తాం. ఆమె మాట్లాడేది తక్కువ. ఎవరైనా పిలిస్తే ఆమె తలెత్తే తీరు చూడండి, ఆ పిలుపు దేనికో మనకి ముందే తెలిసిపోతుంది. మొదటి అరగంట ఏమీ జరగనట్టే ఉంటుంది. జరుగుతూనే ఉంటుంది."

మా పెట్టెకి సగం బలం ఆపరేటర్ బాబాయ్. జగదాంబ జంక్షన్ వైపు ఒక థియేటర్లో చాలా ఏళ్లు ప్రొజెక్టర్ నడిపారు. ఆయన రెండు కార్డులూ చదివి మొదటిది పక్కకి తోసేశారు. "అవార్డులు రాస్తే జనం దణ్ణం ఎట్టీసి ఎల్లిపోతారమ్మా. ఈ రెండోది చదివితే ఏటవుద్దో సూద్దారని కూకుంటారు."

ఈ పని మొదలుపెట్టడానికి కారణం అదే. ఇలాంటి సినిమాలకి నిర్లక్ష్యం కంటే భక్తి ఎక్కువ కీడు చేసింది. మనం వాటిని ఎత్తులో పెట్టేశాం, చెయ్యి అందని ఎత్తులో. వాటిని మళ్లీ చేతికి అందేలా కిందికి దించాలి.

అవార్డుల సంగతి కార్డు వెనక పెన్సిల్‌తో రాసిపెట్టాను. కావలసినవాళ్లు తిప్పి చూసుకుంటారు.

జూలై, మొదటి వారం

ఈ వారం రాత కంటే తెర పనే ఎక్కువైంది. పాత సినిమా చట్రం దాదాపు నలుచదరం. ఇప్పటి ప్రొజెక్టర్లు, టీవీలు అడ్డంగా పొడుగు. మెనూలో ఏమీ మార్చకపోతే అది బొమ్మని రెండు పక్కలా సాగదీసి తెరంతా నింపేస్తుంది. మొహాలు వెడల్పైపోతాయి, చక్రాలు కోడిగుడ్లవుతాయి. "చివరకు మిగిలేది" (1960) వేసి చూస్తుంటే బాబాయ్ కుర్చీలోంచి లేచిపోయారు. "సావిత్రమ్మని అలా సూడకూడదు" అన్నారు. మెనూలో 4:3 పెట్టాక ఆవిడ మొహం ఆవిడ మొహంలా వచ్చింది. రెండు పక్కలా మిగిలిన తెల్లటి తెరని నల్ల గుడ్డతో కప్పేశాం. థియేటర్లలో నల్ల తెరలు జరిపి చేసేది ఇదే పని. ఆ గుడ్డతో బొమ్మకి అంచు వచ్చింది, గది మరింత చీకటైంది. తక్కువ వెలుతురు ప్రొజెక్టర్‌కి కూడా అదే మేలు.

ఆ కార్డు:

"గుత్తా రామినీడు తీసిన సినిమా. సావిత్రి మానసిక వైద్యశాలలో నర్సు. ప్రేమ నటించి రోగిని మామూలు మనిషిని చెయ్యడం ఆమెకి అప్పగించిన పని. అప్పగించినవాళ్లు ఆమె సంగతి ఆలోచించరు. బెంగాలీ సినిమాకి రీమేక్, పదేళ్లకి హిందీలోనూ వచ్చింది. మూడూ చూసినవాళ్లు ఒకరితో ఒకరు వాదించుకోవచ్చు. నా ఓటు సావిత్రికే. ఏడుపు ఆపుకోవడం ఎలా నటించాలో ఆమె దగ్గర నేర్చుకోవచ్చు. నెమ్మది: పక్క పాత్రల హాస్యం. ఆ కాలానికి అది తప్పనిసరి."

బుచ్చిబాబు నవలకీ దీనికీ పేరొక్కటే కలిసింది, కథకి సంబంధం లేదు. ఈ మాట కార్డు మీదే ఉండాలి. నవల చదివినవాళ్లు దయానిధి కోసం వెతుక్కుంటూ కూర్చుంటారు.

జూలై, వానలు

డాబా మీద వేద్దామనుకున్నవన్నీ గదిలోకి వచ్చాయి. ఫ్యాన్ ఆపితే ఉక్క, వేస్తే చప్పుడు. మాటలు తక్కువ ఉన్న సినిమాకి ఫ్యాన్ చప్పుడు శత్రువు. అయినా ఈ ఆదివారం కార్డు తీసింది మూడో అంతస్తు పిన్నిగారు. ఆవిడకి వచ్చింది జపాన్ సినిమా "ది నేకెడ్ ఐలాండ్" (1960), కనేతో షిందో తీసినది. మాటలు దాదాపు లేవు.

కార్డు మీద నేను రాసిన చూపు: "చిన్న దీవి. మంచినీళ్లు లేవు. మొగుడూ పెళ్లాం పడవలో అవతలి గట్టుకి వెళ్లి నీళ్లు నింపుకుని, కావడి భుజాన పెట్టుకుని నిటారు గుట్ట ఎక్కి మొక్కలకి పోస్తారు. మళ్లీ దిగుతారు. మళ్లీ ఎక్కుతారు."

పిన్నిగారు మొదటి పావుగంట పిండి గిన్నె ఒళ్లో పెట్టుకుని చూశారు. ఆ తర్వాత గిన్నె కింద పెట్టేశారు. గుట్ట ఎక్కుతూ ఆ ఇల్లాలి కాలు జారి ఒక బకెట్ ఒలికిపోతుంది. మొగుడు తన కావడి జాగ్రత్తగా దించి, ఆమె దగ్గరకి వచ్చి చెంపమీద కొడతాడు. ఇద్దరూ ఏమీ అనరు. మిగిలిన నీళ్లతో మళ్లీ ఎక్కుతారు. గదిలో పిన్నిగారి గొంతు ఒక్కటే వినిపించింది: "నీళ్లు పోతే కొడతాడా?" కాసేపాగి ఆవిడే మళ్లీ అన్నారు: "కొడతాడు. ఆ నీళ్లకి అంత విలువుంది మరి. కానీ కొట్టకూడదు."

ఒక్క దృశ్యం మీద ఇంతకంటే మంచి విమర్శ నేనెక్కడా చదవలేదు. ఆవిడ అనుమతితో ఆ మాటలన్నీ కార్డు అడుగున రాశాను. ఇకనుంచి ప్రతి కార్డు మీదా చూసినవాళ్ల మాటకి రెండు గీతల చోటు వదులుతున్నాను.

ఇది స్కోప్ సినిమా, అంటే బాగా అడ్డంగా పొడుగు చట్రం, కాబట్టి ఈసారి నల్ల గుడ్డ కిందా పైనా కట్టాం. స్కోప్ బొమ్మకి థియేటర్లో లెన్స్ ఎలా మార్చేవారో బాబాయ్ పిల్లలకి చెప్పారు: ఫిల్ము మీద మనుషులు సన్నగా, నిలువుగా నొక్కేసి ఉంటారు, లెన్స్ వాళ్లని మళ్లీ వెడల్పు చేసి తెరమీద వదులుతుంది. పిల్లలు సినిమా కంటే ఇది ఎక్కువ శ్రద్ధగా విన్నారు.

ఆగస్టు, మొదటి పక్షం

వాల్తేరు డివిజన్లో టీటీఈగా చేసి రిటైరైన మావయ్యగారు ఒకరు మా బ్లాకులోనే ఉంటారు. ఆయన కోసమే అన్నట్టు "27 డౌన్" (1974) కార్డు రాశాను. అవతార్ కృష్ణ కౌల్ తీసిన ఒకే ఒక్క ఫీచర్ సినిమా. అదే ఏడాది ఆయన నీళ్లలో ప్రమాదంలో పోయారు. ఇది కార్డు మీద పెట్టాలా వద్దా అని చాలా ఆలోచించాను. చివరికి వెనకవైపు రాశాను. ముందువైపు రాస్తే సినిమాని జాలితో చూస్తారు. దానికి జాలి అక్కర్లేదు.

"బొమ్మలు వెయ్యాలనుకున్న కుర్రాణ్ని తండ్రి రైల్వేలో పెట్టిస్తాడు. టికెట్లు చూడటం ఉద్యోగం. ఇల్లు రైలే, నిద్ర రైల్లోనే. రైల్లోనే ఒక అమ్మాయి (నటి రాఖీ) పరిచయం. ఒక చూపు: బొంబాయి వీటీ స్టేషన్, పైనుంచి. ప్లాట్‌ఫాం ఖాళీ. రైలు వచ్చి ఆగుతుంది. తెర ఒక్కసారిగా మనుషులతో నిండిపోతుంది. నెమ్మది: రెండో సగంలో నాయకుడు తనలో తాను మాట్లాడుకోవడం మరీ ఎక్కువైంది. అది నవల నుంచి వచ్చిన అలవాటు, సినిమాకి బరువు."

మావయ్యగారు చూసి ఒకటే అన్నారు: "రైలుపెట్టె ఊగుతున్నప్పుడు నిలబడే తీరు ఉంటాది చూడండి, ఆ కుర్రాడికి వచ్చీసింది." నటుడు ఎం. కె. రైనాకి ఇంతకంటే పెద్ద మెప్పు ఏం కావాలి!

ఇక్కడే పెట్టెకి కొత్త గడి దొరికింది. "27 డౌన్" కెమెరా అపూర్వ కిశోర్ బీర్ది, చాలా చిన్న వయసులో చేశారు. పద్నాలుగేళ్ల తర్వాత "దాసి" కెమెరా కూడా ఆయనదే. ఒకదానిలో కిక్కిరిసిన స్టేషన్, ఇంకోదానిలో ఖాళీ గడీ. రెండు చోట్లా మనిషి చిన్నగా కనిపిస్తాడు, చుట్టూ ఉన్న కట్టడం పెద్దగా. అందుకని ప్రతి కార్డు చివర "ఇది నచ్చితే" అని ఒక గీత చేర్చాను. నటుల పేర్లతో కాకుండా కెమెరా, రచన, ఎడిటింగ్ పేర్లతో ఒక సినిమా నుంచి ఇంకో సినిమాకి దారి. దీనివల్ల పాత కార్డులన్నీ మళ్లీ రాయాల్సి వస్తోంది. రాయాల్సిందే.

ఆగస్టు, రెండో పక్షం

సీరియళ్ల సొరుగు. ఇక్కడ లెక్క వేరు. సినిమాకి ఒక సాయంత్రం చాలు. సీరియల్ అంటే ఇంట్లో వారాల తరబడి ఉండిపోయే చుట్టం. ఎన్ని భాగాలు, మధ్యలో ఆపితే నష్టమా కాదా, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నవే ముందు చెప్పాలి.

"తమస్" (1988), గోవింద్ నిహలానీ, దూరదర్శన్. భీష్మ సాహ్నీ నవల, దేశ విభజన రోజులు. ప్రసారం ఆపమని కోర్టుకెక్కితే సుప్రీంకోర్టు కుదరదంది. ఒక చూపు మొదట్లోనే ఉంది: చర్మకారుడు నత్థూగా ఓం పురి రాత్రంతా ఒక కొట్టంలో పందిని చంపడానికి తంటాలు పడతాడు. దేనికో అతనికి తెలియదు. దీపం వెలుగు, ఒగర్పు, విసిగించేంత నిడివి. ఆ నిడివి కావాలనే పెట్టింది. తెల్లారాక ఊరికి జరగబోయేదంతా ఆ రాత్రి ఆ మనిషి ఒంటిమీద ముందే జరిగిపోతుంది. నా మాట: ఒకే రోజు చూడొద్దు. పిల్లలతో చూస్తే పక్కన కూర్చుని మాట్లాడండి.

"డెకలాగ్", పోలండ్ టీవీ కోసం కీస్లోవ్‌స్కీ తీసిన పది భాగాలు. ఒక్కోటీ గంటలోపు, ఒక్కోటీ వేరే కథ. అందరూ ఉండేది మాత్రం వార్సాలో ఒకే అపార్ట్‌మెంట్ల సముదాయంలో. ఒక కథలో లిఫ్టులో కనిపించినాయన ఇంకో కథకి నాయకుడు. మా బ్లాకువాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మొదటి భాగం తండ్రీకొడుకుల కథ, చాలా బరువు. చాలామంది దాంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నా సలహా పదోదానితో మొదలుపెట్టమని. తండ్రి పోతే ఇద్దరు అన్నదమ్ములకి స్టాంపుల సేకరణ ఆస్తిగా వస్తుంది, దాంతో వాళ్లు పడే అవస్థలు. నవ్వుతూ లోపలికి వెళ్లాక మిగతావి వాటంతట అవే లాక్కెళ్తాయి. దాదాపు అన్ని భాగాల్లోనూ ఒక మనిషి ఏమీ మాట్లాడకుండా వచ్చి చూసి వెళ్తుంటాడు. అతనెవరో ఎవరి మటుకు వాళ్లు తేల్చుకోవాలి.

"స్లింగ్స్ అండ్ యారోస్" (2003–2006), కెనడా. ఒక నాటకోత్సవం, దాన్ని నడిపే మనుషులు, చనిపోయినా వెంట తిరిగే పాత దర్శకుడు. మూడు సీజన్లు, సీజన్‌కి ఆరు భాగాలు, సీజన్‌కొక షేక్స్‌పియర్ నాటకం: హామ్లెట్, మాక్బెత్, లియర్. పరిషత్తు నాటకాలకి ఊరూరా తిరిగినవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. రిహార్సల్‌లో ఒక వాక్యం కుదరక కుదరక కుదిరినప్పుడు గదిలో గాలి మారిపోతుందే, అది తెలిసినవాళ్లకి ఈ సీరియల్ ఆత్మబంధువు. షేక్స్‌పియర్ చదవకపోయినా ఇబ్బంది లేదు. మూడో సీజన్ అన్నిటికంటే గొప్పది.

"డిటెక్టరిస్ట్స్" (2014లో మొదలు), బీబీసీ. ఇద్దరు స్నేహితులు పొలాల్లో మెటల్ డిటెక్టర్లు పట్టుకుని నిధి కోసం తిరుగుతారు. దొరికేవి ఎక్కువగా సీసా మూతలు, బొత్తాలు. ఎవరూ ఎవరినీ చంపరు. రాత్రి పడుకునే ముందు ఒక భాగం చాలు.

తెలుగు సీరియళ్ల దగ్గర నాకు బాధ. దూరదర్శన్ హైదరాబాద్ కేంద్రం నుంచి సాహిత్యం ఆధారంగా వచ్చినవి పెద్దవాళ్లంతా తలుచుకుంటారు. కార్డు రాయాలంటే మాత్రం మొదటినుంచి చివరిదాకా చూడాలి, చూడటానికి దొరకాలి. జ్ఞాపకం మీద రాసిన అభిప్రాయం ఈ పెట్టెలో పెట్టను. ఆ సొరుగు సగం ఖాళీగా ఉంది, అలాగే ఉంచుతున్నాను.

సెప్టెంబర్

గొడవ వచ్చింది. మంచి గొడవ. కంచరపాలెం నుంచి వచ్చే కుర్రాళ్లు "కేరాఫ్ కంచరపాలెం" (2018) కార్డు ఏదని అడిగారు. వెంకటేష్ మహా సినిమా. మన ఊళ్లో, ఆ వీధుల్లో, అక్కడి మనుషులతోనే తీసినది. అది అందరికీ తెలుసుగా, ఈ పెట్టెలోకి ఎందుకన్నాను. అందులో ఒకడు అన్నాడు: "అక్కా, మన్దగ్గర అందరికీ తెలుసు. అమలాపురంలో అడగండి." సబబైన మాటే. షిందో సినిమా కూడా జపాన్‌లో ఎవరికీ తెలియనిదేం కాదుగా. తెలియనిది అన్న లెక్క కార్డు చదివేవాళ్లని బట్టే ఉంటుంది. కానీ ఈ పెట్టె చదివేది సీతమ్మధారవాళ్లు, కాబట్టి కార్డు పెట్టలేదు. వేరే ఊళ్లో ఇలాంటి పెట్టె ఎవరైనా పెడితే పంపమని ఆ కుర్రాళ్లతోనే ఒక కార్డు రాయించి పక్కన ఉంచాను. నాకంటే బాగా రాశారు. ఏ సీన్ ఏ సందులో తీశారో కూడా ఉంది.

ఈ నెల పెట్టెలోకి వెళ్లిన మరికొన్ని, పొట్టిగా:

"ఒక ఊరి కథ" (1977). మృణాల్ సేన్ తెలుగులో తీశారు, ప్రేమ్‌చంద్ "కఫన్" కథ. పని చేస్తే బాగుపడేది ఆసామే, అందుకే పని చెయ్యను అంటాడు ముసలాడు. ఆ మాట విని నవ్వుతాం. నవ్వుతుండగానే అది మనకి అడ్డం తిరుగుతుంది. వాసుదేవరావు మొహం మరిచిపోవడం కష్టం. కొన్ని చోట్ల మాటలు నినాదాల్లా ఉంటాయి.

"సుడిగుండాలు" (1968). ఆదుర్తి సుబ్బారావు, అక్కినేని. తన కొడుకుని చంపిన కుర్రాళ్ల తరఫునే వాదించడానికి నిలబడే జడ్జి. ఇలాంటి ఊహతో డబ్బు పెట్టి సినిమా తియ్యడానికి గుండె ధైర్యం కావాలి. ఉపన్యాసాల భాగం పొడుగు. ఇదే జంట తర్వాత తీసిన "మరో ప్రపంచం" (1970)కి కూడా కార్డు రాశాను. నిజం చెప్పాలంటే అందులో ఆశయం సినిమాని మింగేసింది. రెండూ వరసగా చూస్తే తేడా తెలుస్తుంది.

"గ్రహణం". మోహనకృష్ణ ఇంద్రగంటి మొదటి సినిమా, చలం "దోషగుణం" కథ. అనుమానం ఒక ఇంట్లో ఎలా మొలుస్తుందో గంటన్నరలో. తనికెళ్ల భరణిని ఇలా చూసి ఉండరు.

"లె ట్రూ" (1960), జాక్ బెకర్, ఫ్రాన్సు. అయిదుగురు ఖైదీలు జైలు గది నేల తవ్వి పారిపోవాలనుకుంటారు. కాంక్రీటుని ఇనపముక్కతో కొట్టడం నిమిషాల తరబడి కట్ లేకుండా చూపిస్తారు. మొదట దెబ్బకి పెచ్చు కూడా లేవదు. తర్వాత బీట, తర్వాత గుప్పెడు ముక్కలు. అద్దంముక్కని పళ్లబ్రష్షుకి కట్టి తలుపు కంతలోంచి బయట కాపలా చూసే ఏర్పాటు ఉంది. మా పిల్లలు మర్నాడే ఒకటి తయారుచేసి మెట్ల దగ్గర పరీక్షించారు. ఆ ఖైదీల్లో ఒకరిగా నటించిన మనిషి నిజంగానే ఆ జైలు నుంచి తప్పించుకోవాలని చూసినవాడు. ఎక్కడ నెమ్మది అన్న గడిలో గీత కొట్టేశాను. ఇందులో నెమ్మదైన చోటు నాకు కనపడలేదు.

సెప్టెంబర్ చివర

దసరా ముందు ఆదివారానికి "స్త్రీ" (1995) ఖాయం చేశాం. కె. ఎస్. సేతుమాధవన్ తీసినది, పాలగుమ్మి పద్మరాజు "పడవ ప్రయాణం" కథ. రంగిగా రోహిణి, పద్దాలుగా తలైవాసల్ విజయ్. కార్డు ఇంకా కుదరలేదు. మోసం చేసేవాడని తెలిసి తెలిసి వాడి వెంటే ఉండే ఆడమనిషి కథ ఇది. "పాపం" అన్న మాట రాకుండా దీన్ని చెప్పాలి. రోహిణి ఆ పాత్రని పాపం అనిపించేలా చెయ్యలేదు మరి. పడవలో కూర్చుని పద్దాలు గురించి చెబుతున్నప్పుడు ఆమె గొంతులో ఫిర్యాదు ఉండదు, లెక్క ఉంటుంది. నేను చేసిందీ వాడు చేసిందీ అంటూ అప్పజెప్పే లెక్క. ప్రస్తుతానికి కార్డు మీద ఈ రెండు వాక్యాలే ఉన్నాయి.

"ఇది నచ్చితే" గీతలో "బంగారు పాప" (1955) రాశాను. బి. ఎన్. రెడ్డి సినిమా, ఎస్. వి. రంగారావు, మాటలు పద్మరాజువే. ఒకే రచయిత, రెండు కాలాలు, ఇద్దరు మొరటు మనుషులు. ఒకడు పసిపిల్ల వల్ల మారతాడు, ఇంకొకడు ఎవరి వల్లా మారడు.

నల్ల గుడ్డ కొలతలు బాబాయ్ తీసుకున్నారు. ఈసారి సౌండుకి చిన్న స్పీకర్ తెర కిందే పెడదామంటున్నారు. పడవ మాటలు మెల్లగా ఉంటాయి, వెనకనుంచి వస్తే అందవని ఆయన అభిప్రాయం. శనివారం పెట్టి చూస్తాం.